ఆకుకూర ఇరవై, ఆటో నూట ఇరవై: మూడు నెలల మా సరుకుల కథ

జూలై 4, శుక్రవారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోన్‌కు రిపోర్టు వచ్చింది. పాప హిమోగ్లోబిన్ 9.4. రెండు రోజుల క్రితం మా కాలనీ బస్తీ దవాఖానాలో రక్తం ఇచ్చి వచ్చాం. పైసా ఖర్చు కాలేదు. దాని వయసుకు 11.5 అయినా ఉండాలని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. మెట్లెక్కితే ఆయాసపడుతోందని, మధ్యాహ్నం క్లాసులో తల వాల్చేస్తోందని వాళ్ల టీచర్ చెబితే వెళ్లాం గానీ, ఇంత తక్కువ ఉంటుందని అనుకోలేదు. నేనూ టీచర్నే. ఎవరి పిల్లలు నీరసంగా కనిపించినా పొద్దున ఏం తిన్నావని అడుగుతాను. మా పిల్ల పొద్దున టీలో రస్కు ముంచుకుని తింటోందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

డాక్టరమ్మ ఐరన్ సిరప్, నులిపురుగుల మాత్ర ఇచ్చింది. ఆకుకూర, గుడ్డు, పప్పు, పల్లీలు పెట్టమంది, తిన్నాక నిమ్మరసమో జామకాయో ఇవ్వమంది. "టీ మాత్రం మాన్పించండి, తిన్న ఐరన్ ఒంటికి పట్టనివ్వదు" అంది. మా అత్తమ్మ నేల చూపులు చూసింది. పొద్దున, సాయంత్రం మనవరాలికి టీ పోసేది ఆమే.

సరిగ్గా అదే వారం మా ఆయన పనిచేసే ప్రెస్‌లో ఓవర్‌టైమ్ ఆపేశారు. నెలకు ఐదారు వేలు దాంతోనే వచ్చేవి. ఇంటద్దె, ఇద్దరు పిల్లల ఫీజు, చిట్టీ పోను వంటింటికి మిగిలేది 9,500. అందులోనే పాలు. ఐదుగురం తినాలి: మేమిద్దరం, అత్తమ్మ, ఏడో తరగతి బాబు, నాలుగో తరగతి పాప.

అంతకుముందు ఎంత ఖర్చవుతోందో నిజంగా నాకు తెలియదు. "పది, పదకొండు వేలు" అని అలవాటుగా చెప్పేదాన్ని. శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక కిరాణా చీటీలు, ఫోన్‌లో డబ్బులు పంపిన లిస్టు ముందేసుకుని జూన్ నెల ఖర్చు కూడి చూశాను. 13,740. రెండుసార్లు కూడినా అంతే. అందులో పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లో పెట్టిన ఆర్డర్లే 31, వాటికి 4,870 అయింది. ఒక్కో ఆర్డరూ తెరిచి చూశాను. కొత్తిమీర కట్ట కోసం ఆర్డర్ పెట్టి, డెలివరీ ఛార్జీ పడకూడదని చిప్స్, బిస్కెట్లు, నూడుల్స్ కలిపిన రోజులు పదికి పైనే. కొత్తిమీర పచ్చడి చేసిన గుర్తు మాత్రం ఒక్కసారే ఉంది. మా ఆయన్ను లేపి చూపించాను. "పొద్దున మాట్లాడుకుందాం" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రే యాప్ తీసేశాను.

జూలై 6, ఆదివారం. మీర్‌పేట నుంచి ఆరున్నర బస్సుకు దిల్‌సుఖ్‌నగర్ వచ్చి సరూర్‌నగర్ రైతు బజార్‌కు వెళ్లాను. పోవడానికి జీరో టికెట్, ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు రేట్లు రాసి ఉంటాయి. ఫోన్‌లో ఫోటో తీసుకుంటే లోపల బేరమాడే పని ఉండదు. ఇది నాకు రెండో వారం తెలిసింది. మొదటి వారం మాత్రం గేటు బయట బండి దగ్గరే ఆగాను. బీన్స్ లేతగా ఉన్నాయి. ఎంతని అడిగితే "ఇరవై" అన్నాడు. కిలో ఇరవైకి బీన్సా అని సంబరపడి కిలో వేయమన్నాను. సంచిలో పోశాక ఎనభై అడిగాడు. పావు ఇరవై అట. "పావు అని నువ్వెక్కడ చెప్పావు?" అంటే "బీన్స్ కిలో ఇరవైకి ఎవలిస్తరక్కా" అని నవ్వాడు. నిజమే, ఎవరిస్తారు? సిగ్గుకు కిలో తీసుకున్నాను.

లోపలికి వెళ్లాక ఇంకో పిచ్చి పట్టుకుంది. అన్నీ తాజాగా ఉన్నాయి, అన్నీ చవకగా ఉన్నాయి. పదకొండు కిలోల కూరగాయలు, తొమ్మిది కట్టల ఆకుకూర కొన్నాను. తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి, ఏది కనిపిస్తే అది. మొత్తం 640. రెండు సంచులు చేతుల్లో పట్టుకుని బస్‌స్టాప్ దాకా వస్తే వేళ్లు ఎర్రగా వాచిపోయాయి. వచ్చిన రెండు బస్సుల్లో నిలబడే చోటు కూడా లేదు. ఆటోవాడు 120 అన్నాడు, ఎక్కేశాను. ఆకుకూర మీద మిగిల్చింది ఆటోలో పెట్టి వచ్చాను.

బుధవారానికి మూడు కట్టలు పసుపుపచ్చగా తిరిగాయి. బీన్స్ జిగురొచ్చాయి. పారేసినవి లెక్కేస్తే వంద పైనే. అవి చెత్తబుట్టలో వేస్తుంటే అత్తమ్మ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అదే వారం ఇంకో తప్పు చేశాను, అది ఇంకా ఖరీదైనది. సూపర్‌మార్కెట్‌లో 'హెల్తీ' అని బోర్డు పెట్టిన అర ముందు నిలబడి ఓట్స్, మల్టీగ్రెయిన్ పిండి, అవిసెగింజలు, కొర్రలు, రాగి బిస్కెట్లు బుట్టలో వేశాను. బిల్లు 1,180. ఇంటికొచ్చి రాగి బిస్కెట్ల ప్యాకెట్ వెనక చదివితే మొదటి పేరు మైదా, తర్వాత చక్కెర, నూనె. రాగిపిండి నాలుగో పేరు. కొర్రన్నం ఒక పూట వండాను. బాబు రెండు ముద్దలు తిని "మన ఇల్లు హాస్టల్ అయిపోయింది" అన్నాడు. పాప ఏడ్చింది. మిగిలింది నేనూ మా ఆయనా రాత్రికి ఉప్మాలా చేసుకుని తిన్నాం. ఆ కొర్రల డబ్బాకు సెప్టెంబర్‌లో పురుగు పట్టింది.

అత్తమ్మ ఆరోజు నోరు విప్పింది. "కిలో నూటెనభై పెట్టి కొర్రలు తెచ్చినవ్. మేము జొన్నలు తిని పెరగలేదా? గవి యాభైకి రావా?" అంది. ఆమెది నల్లగొండ దగ్గర పల్లె. చిన్నప్పుడు జొన్నరొట్టె, జొన్నగటక తప్ప వరి అన్నం పండక్కే అని చాలాసార్లు చెప్పింది. ఆ మాటను మేము పాతకాలపు కష్టం కింద వినేవాళ్లం. కొనడానికి పనికొచ్చే సలహా కింద ఎప్పుడూ వినలేదు.

ఆషాఢం ఇంకా పోలేదు కాబట్టి మునగాకు కూడా ఆమే గుర్తు చేసింది. ఓనర్ వాళ్ల పెరట్లో చెట్టుంది, ఆకు కోసుకుంటే ఎవరూ ఏమీ అనరు. పెసరపప్పులో మునగాకు వేసి వండితే పాప మారు మాట్లాడకుండా తింది. ఖర్చు సున్నా. కానీ ఒక కూరకు సరిపడా మునగాకు దూయడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. పుల్లలు పడితే పిల్లలు తినరు. అప్పటి నుంచే నేను చవక అన్న మాట వినగానే గడియారం చూడటం మొదలుపెట్టాను.

మా స్కూల్లో సైన్స్ టీచర్ ఒక కాగితం ప్రింట్ తీసి ఇచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన పళ్లెం బొమ్మ. మనిషికి రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85, బియ్యం లాంటి ధాన్యాలు 250, నూనె 27 గ్రాములు. పిల్లలకు అంత పట్టదు గానీ, లెక్క తేలిక కోసం అయిదుతో గుణించాను. కూరగాయలు రోజుకు రెండు కిలోలు! మేము కిలో కూడా వండటం లేదు. బియ్యం, నూనె మాత్రం బాగా ఎక్కువ తింటున్నాం. నూనె నెలకు నాలుగు కిలోలు రావాల్సింది, మాకు ఆరు ప్యాకెట్లు అయ్యేవి.

ఆ ప్యాకెట్ల సంగతి చెప్పాలి. మా కిరాణా కొట్టులో ఒక రకం పది రూపాయలు తక్కువ అని ఎప్పుడూ అదే తెచ్చుకునేవాళ్లం. లెక్కలు వేసేటప్పుడు మూల చిన్న అక్షరాలు చూస్తే 850 గ్రాములు. పక్కనున్న లీటర్ ప్యాకెట్ 910. రెండూ చూడటానికి ఒకే ఎత్తు. గ్రాముల లెక్కన మేము కొనేది చవకేమీ కాదు. ఇప్పుడు ఏ ప్యాకెట్ పట్టుకున్నా ముందు బరువు చూస్తాను. కొట్టాయన "మీరు టీచరా మేడమ్?" అని అడిగాడు.

జూలై నెల మొత్తం 11,340. పెట్టుకున్న గీత దాటింది. లాల్‌దర్వాజ బోనాల రోజు, 20న, మా ఆడబిడ్డ వాళ్లొచ్చారు. రెండు కిలోల మటన్ తెచ్చాం. ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు. ఆ 1,180 గురించే ఇప్పటికీ ఉంది.

ఆగస్టులో పద్ధతి మార్చాను. ఆదివారం రైతు బజార్‌లో వారం నిలిచేవి మాత్రమే: సొరకాయ, దోసకాయ, గుమ్మడి ముక్క, క్యారెట్, బీట్‌రూట్, ఉల్లిగడ్డ. ఏడు కిలోలు దాటకుండా, బస్సులో ఒడిలో పెట్టుకునేంత. ఆకుకూర అక్కడ కొనను. గురువారం సాయంత్రం మా కాలనీ రోడ్డు మీద అంగడి పెడతారు, అక్కడ మూడు కట్టలు, అంతే. శుక్ర, శని వండేస్తాను. కట్ట తాడు విప్పి, నీళ్లు దులిపి, పాత పేపర్లో చుట్టి పెడితే మూడో రోజుకు కూడా బాగుంటుంది. కడిగి పెడితే కుళ్లుతుంది. ఇది కూడా రెండు కట్టలు పోగొట్టుకున్నాకే తెలిసింది.

అంగడిలో రాత్రి ఎనిమిదిన్నర దాటాక రేట్లు పడతాయి. తట్ట సర్దుకునే ముందు కుప్పలు పెట్టి ఇచ్చేస్తారు. టమాటా కుప్ప ఇరవై, వంకాయ కుప్ప ఇరవై. కుప్పలో అయిదారు మెత్తబడినవి ఉంటాయి, అవి ఆ రాత్రే పచ్చడికి. రెండో గురువారం వంగి టమాటాలు ఏరుతుంటే పక్కన "నమస్తే మేడమ్" అని వినిపించింది. మా క్లాసు పిల్లవాడి తల్లి. నా చేతిలో ఒక పక్క నల్లబడిన టమాటా ఉంది. దాన్ని కుప్పలో పడేసి, "ఇటు పోతూ ఆగాను" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఆమె చేతిలో కూడా సంచి ఉంది, ఆమె కూడా ఏరడానికే వచ్చింది. ఇంటికొచ్చాక చాలాసేపు ఆ అబద్ధమే గుర్తొచ్చింది. తర్వాతి గురువారం ఆమే కనిపించి ఆ చివర్లో చిక్కుడు బాగుంది, పొమ్మని చెప్పింది.

శ్రావణంతో ఇంకో చిక్కు వచ్చింది. జూలై 25 నుంచి మా ఇంట్లో నీసు బంద్, గుడ్డు కూడా. డాక్టరమ్మ రోజూ గుడ్డు అంది. అత్తమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు, మా ఆయనకు అసలే లేదు. అయిదు రోజులు అలాగే గడిచాయి. ఆరో రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి బయట వరండాలో, పాత కిరోసిన్ స్టవ్ ఉండే మూల, కరెంటు కెటిల్‌లో రెండు గుడ్లు ఉడుకుతున్నాయి. అత్తమ్మ దూరంగా నిలబడి చూస్తోంది. "పిల్లకు మందనుకో" అంది. వరలక్ష్మీ వ్రతం రోజు తప్ప నెలంతా ఆ కెటిల్ అక్కడే ఉడికింది. వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు.

అదే నెల వానలకు టమాటా ముప్పై నుంచి అరవైకి పోయింది. నాలుగు వారాలు పప్పులో చింతపండు, చుక్కకూర, దోసకాయ వేసుకున్నాం. బాబు తప్ప ఎవరూ గమనించలేదు.

జొన్నరొట్టె గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రాసినంత తేలిక కాదు. నాలుగు కిలోల జొన్నలు 200, గిర్నిలో పట్టడానికి కిలోకు పది. గిర్నివాళ్లు గోధుమ అయ్యాకే జొన్న వేస్తారు, కాబట్టి పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకోవాలి. మొదటి రోజు నేను చల్లనీళ్లతో కలిపాను. పెనం మీదికి చేర్చేలోపు మూడు ముక్కలైంది. అత్తమ్మ పక్కకు జరగమని, నీళ్లు తెర్లనిచ్చి పిండిలో పోసి, గరిటెతో కలిపి, కొంచెం ఆరగానే అరచేతి మడమతో రుద్దడం మొదలుపెట్టింది. ఒక్కో ఉండను అయిదు నిమిషాలు రుద్దింది. ఆ తర్వాత పీట మీద పొడిపిండి చల్లి చేత్తో కొడుతూ తిప్పింది. అంచు పగల్లేదు. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో తుడిచింది, నీళ్లు ఆరగానే తిప్పేసింది. పొంగింది. నాకు అలా పొంగడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ అయిదింట్లో ఒకటి విరుగుతుంది, అది నా కంచంలో పడుతుంది.

రాత్రి అన్నం మానేసి వారానికి నాలుగు రోజులు రొట్టె. దాంతో బియ్యం తగ్గింది. రేషన్‌లో సన్నబియ్యం మనిషికి ఆరు కిలోల లెక్కన 24 కిలోలు వస్తున్నాయి. కార్డులో పాప పేరు లేదు. ఎక్కించమని ఫిబ్రవరిలో అర్జీ పెట్టాం, ఇంకా ఎక్కలేదు. మిగతాది పది కిలోలు బయట కొంటే సరిపోతోంది, ముందు పాతిక కిలోల బస్తా కొనేవాళ్లం. కొత్త బియ్యానికి నీళ్లు అరగ్లాసు తగ్గించి పోయాలి, లేకపోతే ముద్దవుతుంది.

నేను లెక్కలో వేసుకోని ఖర్చు ఒకటి బయటపడింది. గ్యాస్. మాకు సిలిండర్ 41 రోజులు వచ్చేది. ఆగస్టులో 33 రోజులకే అయిపోయింది. రొట్టెలు, ఉడకబెట్టిన శనగలు, పెసలు, అన్నీ మంట మీదే కదా. ఖాళీ సిలిండర్ కదిపి చూస్తూ, ఇంత చేసి మిగిల్చింది ఇందులో పోయిందా అనిపించింది. అప్పటి నుంచి శనగలు రాత్రే నానబెట్టడం, ఒకే కుక్కర్లో కింద పప్పు, పైగిన్నెలో గుడ్లు, దుంపలు పెట్టడం అలవాటు చేసుకున్నాను. సెప్టెంబర్‌లో 37 రోజులొచ్చింది.

పిల్లల చిరుతిండి దగ్గరే గొడవ ఎక్కువ. యాప్ లేదు, చిప్స్ లేవు. బాబు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. కిలో పల్లీలు 140, ముప్పావు కిలో బెల్లం 45. వేయించి, పొట్టు తీసి, దంచి ఉండలు చేస్తే యాభై వచ్చాయి. ఒక్కోటి నాలుగు రూపాయల లోపే. మొదట్లో ముట్టలేదు. వాడి స్నేహితుడు ఇంటికొచ్చి మూడు తినేశాక వీడికి రుచి తెలిసింది! నూడుల్స్ పూర్తిగా మానలేదు. నెలకు రెండుసార్లు అని ఒప్పందం. గుడ్డు, క్యారెట్, క్యాబేజీ వేస్తాను, మసాలా ప్యాకెట్ సగమే వేస్తాను. సగం వేస్తున్నానని వాడికి తెలుసు. తెలియనట్టుంటాడు.

ఆగస్టు 9,860. సెప్టెంబర్ 9,180. సెప్టెంబర్ లెక్క మొత్తం రాసి పెట్టుకున్నాను, ముఖ్యమైనవి చెబుతాను. పాలు 1,800, ఇది తగ్గలేదు, తగ్గదు. కూరగాయలు, ఆకుకూరలు 1,900. పప్పులు, శనగలు, పెసలు కలిపి 965. నూనె నాలుగు ప్యాకెట్లు 600. గుడ్లు మూడు ట్రేలు 525, ట్రే కింద వరసలో పగిలినవి ఉంటాయేమో ఎత్తి చూసి తీసుకోవాలి. పండ్లు 600. పండ్లంటే యాపిల్ కాదు, జామకాయ, అరటిపండు. నెలాఖరుకు సీతాఫలాలు వచ్చాయి, గంపల్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటారు. బాగా పండి పగిలినవి సాయంత్రానికి సగం ధరకు ఇచ్చేస్తారు, అవే తియ్యగా ఉంటాయి. బతుకమ్మకు పూలకైన ఖర్చు ఇందులో కలపలేదు.

డబ్బు లెక్క కుదిరింది గానీ టైమ్ లెక్క కుదరలేదు. ముందు వంటింట్లో రోజుకు గంటన్నర ఉండేదాన్ని, ఇప్పుడు రెండున్నర గంటలు. ఆదివారం పొద్దున మూడు గంటలు బజారుకే. ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి గోంగూర గిల్లుతూ, ఎదురుగా దిద్దాల్సిన యూనిట్ టెస్ట్ పేపర్లు చూసి ఏడుపొచ్చింది. మా ఆయన టీవీ ముందు ఉన్నాడు. గోంగూర పళ్లెం తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను. ఓవర్‌టైమ్ లేదు కదా, ఆరింటికే వస్తున్నాడు. ఆ రోజు నుంచి ఆకు గిల్లడం, పల్లీల పొట్టు తీయడం ఆయన పని. కాడలు కొంచెం ఎక్కువ వేస్తాడు. ఏమీ అనను.

అక్టోబర్ 10న పాపను మళ్లీ తీసుకెళ్లాం. మర్నాడు రిపోర్టు వచ్చింది. 11.1. తిండి వల్ల ఎంత, సిరప్ వల్ల ఎంత అని డాక్టరమ్మను అడిగాను. "సిరప్ వల్లే ఎక్కువ, తిండి ఉంటేనే నిలబడుతుంది. ఇంకో రెండు నెలలు వాడండి" అంది. పాప మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. టీ మాత్రం దొంగతనంగా అడుగుతూనే ఉంది. అత్తమ్మ ఇప్పుడు బెల్లం వేసిన రాగిజావ పోసి "ఇదే టీ" అంటుంది.

అత్తమ్మ దీపావళి తర్వాత నెల రోజులు ఊరికి వెళుతోంది. రొట్టెలు నేను ఒక్కదాన్నే చేయాలి. నిన్న గురువారం అంగడిలో మూడు కట్టలకు బదులు రెండే కొన్నాను. ఆకుకూర అమ్మే ఆమె "గిదేంది, ఇయ్యాల తక్కువ?" అంది. ఇంట్లో ఒకరు తగ్గుతున్నారని చెబితే, మూడో కట్ట ఊరికే సంచిలో వేసింది.